ఆదివారం ట్రాక్ డే, శుక్రవారం జ్వరం: వెళ్ళాలా, మానాలా?

క్లుప్తంగా: ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజుకి, డబ్బు కట్టి, కారు సిద్ధం చేసుకున్నాక తీరా సమయానికి ఒంట్లో నలత చేస్తే, "ఒక మాత్ర వేసుకుని వెళ్ళిపోదాం" అనుకునేవాళ్ళే ఎక్కువ. చిక్కంతా అక్కడే ఉంది. ఒంట్లో బాగోలేనప్పుడు మొదట దెబ్బతినేది ఏకాగ్రత. అది దెబ్బతిన్న సంగతి ఆ మనిషికి చివర్లో గానీ తెలియదు. మాత్ర పడితే ఆ కాస్తా తెలియదు. విజయవాడ, గుంటూరు నుంచి చెన్నై దగ్గరి ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళకి ఇంకో లెక్క కూడా ఉంది: ట్రాక్ మీద ఉండేది గంటన్నర, దానికోసం హైవే మీద ఉండేది పదిహేను గంటలు.

రేసు కాదు, అలాగని తేలికా కాదు

ట్రాక్ డేలో పోటీ ఉండదు, కప్పు ఉండదు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళే కారునే సర్క్యూట్ మీదకి తీసుకెళ్ళి, ఎదురొచ్చే లారీ, అడ్డొచ్చే గేదె, స్పీడ్ బ్రేకర్ ఏవీ లేనిచోట కారు సత్తా ఎంతో, తమ సత్తా ఎంతో చూసుకునే రోజు అది. విజయవాడ, గుంటూరు వాళ్ళకి ముందు గుర్తొచ్చేది చెన్నై శివార్లలో, శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్. ఒకప్పుడు షోళవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌దే ఈ ట్రాక్ కూడా. 1990లో మొదలైంది. పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. ఇంకా దూరం వెళ్ళే ఓపిక ఉంటే కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉన్నాయి.

పొద్దున్నే కారు తనిఖీ, ఆ తర్వాత డ్రైవర్ల బ్రీఫింగ్. అది అయ్యాక బ్యాచ్‌ల వారీగా పావుగంట, ఇరవై నిమిషాల సెషన్లు. మామూలు కారుతో ఒక ల్యాప్‌కి, అంటే ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి, రెండుంబావు నిమిషాలు పడుతుందనుకుంటే ఒక్క సెషన్‌లో దాదాపు వంద మలుపులు తిరగాలి. ప్రతి మలుపు దగ్గరా బ్రేక్ ఎక్కడ నొక్కాలి, గేరు ఎప్పుడు దించాలి, స్టీరింగ్ ఎక్కడ తిప్పాలి, కాలు మళ్ళీ యాక్సిలరేటర్ మీదకి ఎప్పుడు పోవాలి అన్నవి వరుసగా తేలాలి. ఈలోగా అద్దంలో వెనక వచ్చే కారు, పక్కన మార్షల్ (ట్రాక్ కాపలా సిబ్బంది) ఊపే జెండా కూడా చూసుకోవాలి. ఆ మాటకొస్తే విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోనూ నిర్ణయాలకి కొదవ లేదు. కాకపోతే అక్కడ పొరపాటు జరిగితే బంపర్ గీసుకుంటుంది, ఓ పది నిమిషాలు మాటామాటా అనుకుంటారు, అంతటితో సరి.

పన్నెండు మీటర్ల ఆలస్యం

నలతగా ఉండటం ట్రాక్ మీద ఎందుకంత పెద్ద విషయమవుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 39 మీటర్లు పోతుంది. ముందున్న మలుపుని 80లో తిరగాలనుకుందాం. ఎండిన రోడ్డు మీద మంచి టైర్లతో గట్టిగా బ్రేక్ నొక్కితే 140 నుంచి 80కి రావడానికి సుమారు 65 మీటర్లు కావాలి. ట్రాక్ పక్కన దూరం చూపించే బోర్డులు ఉండేది ఇందుకే. ఫలానా బోర్డు దాటగానే కాలు బ్రేక్ మీద పడాలని డ్రైవర్ గురుతు పెట్టుకుంటాడు.

ఇప్పుడు జలుబుతో తల దిమ్ముగా ఉన్న మనిషి అదే బోర్డు చూసి, సెకనులో మూడో వంతు కన్నా కాస్త తక్కువే, 0.3 సెకను, ఆలస్యంగా స్పందించాడనుకుందాం. ఆలోగా కారు 12 మీటర్లు ముందుకి పోయింది. ఆ తర్వాత ఎంత గట్టిగా నొక్కినా మలుపు మొదలయ్యే చోటికి వచ్చేసరికి వేగం 80 కాదు, 94 ఉంటుంది. మలుపులో కారుని బయటికి లాగే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి 14 కిలోమీటర్ల తేడాకి టైర్లు దాదాపు 38 శాతం ఎక్కువ పట్టు చూపించాలి. అంత పట్టు మిగిలి ఉండదు, ఎందుకంటే 80 అన్న లెక్కే పట్టు చివరిదాకా వాడుకుని వేసింది. కారు బయటికి జారుతుంది. అదృష్టం బాగుంటే గడ్డిలో దుమ్ము రేపి ఆగుతుంది.

సిటీలో గంటకు 40లో పోతున్నప్పుడు అదే 0.3 సెకనుకి కారు కదిలేది మూడు మీటర్ల పైచిలుకే. నిన్న ఆఫీసుకి బాగానే నడుపుకుంటూ వెళ్ళాను కదా, ట్రాక్ మీద మాత్రం ఏమవుతుంది అన్న వాదన నిలబడనిది ఇందుకే. ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆ మందకొడితనం బయటపడే సందర్భమే రాదు.

ఒంట్లో జరిగేది

జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పది సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. మనం మామూలుగా చెప్పుకునే 102 జ్వరం అంటే దాదాపు రెండు డిగ్రీలు, అంటే ఇరవై అదనం. ట్రాక్ మీద ఉత్సాహానికి, టెన్షన్‌కి గుండె ఎలాగూ పరుగెడుతుంది. దాని మీద ఈ ఇరవై, ఆ మీద చెన్నై ఉక్క, హెల్మెట్. ఇంజిన్ మీద భారం తగ్గించడానికి చాలామంది సెషన్‌లో ఏసీ ఆపేస్తారు కూడా. వైరల్ జ్వరాల్లో అరుదుగా గుండె కండరానికి వాపు వస్తుంది. అలాంటప్పుడు ఒంటిని కష్టపెడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. జ్వరంలో జిమ్‌కి వెళ్ళొద్దని డాక్టర్లు చెప్పే కారణాల్లో ఇదొకటి.

కడుపు పాడైతే దారి వేరు. 70 కిలోల మనిషి విరేచనాలతోనో వాంతులతోనో కిలోన్నర నీరు పోగొట్టుకుంటే బరువులో రెండు శాతం పోయినట్టు. ఆ దశలోనే ఏకాగ్రత సడలుతుంది, తల బరువెక్కుతుంది. మన ఇళ్ళల్లో "లంఖణం పరమౌషధం" అని కడుపు మాడ్చడం ఉంది. మంచం మీద పడుకునేవాడికి అది ఎంతవరకు పనికొస్తుందో గానీ, హెల్మెట్ పెట్టుకుని ఎండలో కూర్చునేవాడికి మాత్రం ఉన్న నీరసం ఇంకాస్త పెరుగుతుంది. ఓఆర్‌ఎస్, ఉప్పేసిన మజ్జిగ పోయిన నీటిని కొంత పూడుస్తాయి. కానీ ఒక రాత్రిలో పోయింది ఒక్క పూటలో తిరిగి రాదు.

జలుబుని అందరూ చిన్నచూపు చూస్తారు. వ్యాయామం చేసేవాళ్ళ మధ్య ఒక మాట ప్రచారంలో ఉంది: బాధ మెడ పైన ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర లాంటివైతే, తేలికపాటి వ్యాయామం చేసుకోవచ్చు, మెడ కింద ఉంటే, అంటే ఛాతీలో దగ్గు, ఒళ్ళు నొప్పులు, కడుపు బాధ, జ్వరం అయితే, మానుకోవాలి. పరుగుకి ఈ కొలత సరిపోతుంది. డ్రైవింగ్‌కి సరిపోదు, ఎందుకంటే డ్రైవింగ్‌కి కావలసినవన్నీ మెడ పైనే ఉన్నాయి. జలుబుతో చెవి దిబ్బడ వేస్తే శరీరం తూకం తెలిపే వ్యవస్థ కూడా ఇబ్బంది పడొచ్చు. మలుపు మలుపుకీ తల ఒక పక్కకి లాగబడుతుంటే ఆ ఇబ్బంది తల తిరగడంగా, వికారంగా మారుతుంది. ముక్కు మూసుకుపోతే నోటితో పీల్చాలి, ఆ ఊపిరికి హెల్మెట్ అద్దం ఆవిరి పడుతుంది. ఇక తుమ్ము. తుమ్మేటప్పుడు కళ్ళు మూతపడతాయి. ఒక్క సెకను మూసినా పైన చెప్పిన వేగంలో 39 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. జలుబుతో ఉన్నవాళ్ళ స్పందన మందగిస్తుందని డ్రైవింగ్ సిమ్యులేటర్ల మీద చేసిన పరిశోధనల్లోనూ కనిపించింది.

మోటార్‌సైకిళ్ళ ట్రాక్ డే అయితే ఇదంతా ఇంకో మెట్టు పైన. తోలు సూటు లోపల వేడి, ఒళ్ళంతా ఉపయోగించి బండి వంచే శ్రమ. జారితే చుట్టూ ఇనుప డొప్ప కూడా ఉండదు.

మాత్ర చెప్పే అబద్ధం

శనివారం సాయంత్రం మందుల షాపుకి వెళ్ళి "జలుబుకి ఏదైనా ఇవ్వండి" అంటే చేతికొచ్చే పట్టీని ఒకసారి తిప్పి చూడాలి. సాధారణంగా అందులో మూడు మందులు కలిసి ఉంటాయి. పారాసెటమాల్ జ్వరం, నొప్పి తగ్గిస్తుంది. ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి. మూడోది క్లోర్‌ఫెనిరమిన్. ముక్కు కారడం ఆపేది ఇది, మగత తెచ్చేదీ ఇదే. చాలా పట్టీల వెనక ఆ సంగతి రాసే ఉంటుంది, చదవాలంటే భూతద్దం కావాలి గానీ.

పారాసెటమాల్‌తో వచ్చే చిక్కు వేరు. అది జ్వరాన్ని నాలుగు నుంచి ఆరు గంటలు దించుతుంది, రోగాన్ని కాదు. పొద్దున ఏడింటికి వేసుకుని బ్రీఫింగ్‌లో హుషారుగా కూర్చున్న మనిషికి పదకొండు, పన్నెండు మధ్య ఒళ్ళు మళ్ళీ వెచ్చబడుతుంది. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తుంది, మూడో సెషన్ మొదలవుతుంది. అంతకు ముందు రెండు సెషన్లూ బాగానే జరిగాయన్న ధైర్యం కూడా తోడవుతుంది.

క్లోర్‌ఫెనిరమిన్ జాతికే చెందిన డైఫెన్‌హైడ్రమిన్ మీద అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం 2000లో వెలువడింది. అదే 40 మందికి వేర్వేరు రోజుల్లో ఆ మందు, మగత తేని ఫెక్సోఫెనడిన్, మద్యం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సిమ్యులేటర్‌లో కారు నడిపించారు. డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్న రోజు నడపడం మద్యం తాగిన రోజు కన్నా అధ్వానంగా ఉంది. ట్రాక్ డేకి వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి: నిద్ర వస్తోందా అని అడిగితే వాళ్ళిచ్చిన జవాబుకీ, వాళ్ళు నిజంగా ఎంత చెడుగా నడిపారన్నదానికీ పొంతన కుదరలేదు. అంటే "నాకేం మగతగా లేదు" అన్న మాట సాక్ష్యం కింద పనికిరాదు.

తల తిరుగుడుకి వాడే సినారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, కొన్ని దగ్గు సిరప్‌లు కూడా ఈ కోవలోవే. ఫెక్సోఫెనడిన్ లాంటివి మగత తేకపోవచ్చు. అయినా కొత్త మందుని మొదటిసారి ట్రాక్ డే పొద్దునే వేసి చూడటం మాత్రం తెలివైన పని కాదు.

జ్వరం జారిన రోజే జాగ్రత్త

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వానలు పడ్డాక మామూలు జలుబు జ్వరం ఏదో, డెంగీ ఏదో మొదటి రెండు రోజుల్లో తేల్చుకోవడం కష్టం. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు ఊరంతా దోమల గురించీ జ్వరాల గురించీ భయపడింది ఊరికే కాదు.

డెంగీలో జ్వరం రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. మిగతా జ్వరాల్లో టెంపరేచర్ తగ్గితే గండం గడిచినట్టు. డెంగీలో మాత్రం అసలు గండం తరచుగా అప్పుడే మొదలవుతుంది. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, జ్వరం జారే సమయంలో, రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం జరుగుతాయి. ఆ గడ్డు సమయం ఒకటి, రెండు రోజులు ఉంటుంది. బుధవారం జ్వరం మొదలై శనివారానికి జారిందనుకుంటే, "హమ్మయ్య, సరిగ్గా టైమ్‌కి తగ్గింది" అని బయల్దేరే మనిషి ఆదివారం ట్రాక్ మీద ఉండేది ఆ గడ్డు సమయంలోనే. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు గట్టి బ్రేకింగ్‌లో సీట్ బెల్ట్ ఒరుసుకున్నచోట కూడా ఒళ్ళు కమిలిపోవచ్చు. కారు గోడకి తగిలితే లోపలి రక్తస్రావం ఆగడం కష్టం. ఒళ్ళు నొప్పులకి ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం ఇంకా పెరుగుతుంది. డెంగీ అనుమానం ఉంటే వాటిని వాడొద్దని చెప్పేది అందుకే.

చికున్‌గున్యాకి ఈ గండం లేదు గానీ కీళ్ళ నొప్పులు వారాలు, ఒక్కోసారి నెలలు వదలవు. మణికట్టు నొప్పితో స్టీరింగ్, చీలమండ నొప్పితో బ్రేక్ పెడల్ ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

సర్క్యూట్‌లో ఎవరు ఆపుతారు

వృత్తి రేసర్లు కూడా ఈ విషయంలో తమని తాము సరిగ్గా అంచనా వేసుకోలేరు. 2024 మార్చిలో సౌదీ గ్రాండ్ ప్రి వారంలో ఫార్ములా వన్ డ్రైవర్ కార్లోస్ సైన్జ్ కడుపు బాగోలేకపోయినా గురువారం రెండు ప్రాక్టీస్ సెషన్లూ నడిపాడు. మర్నాడు అపెండిసైటిస్ అని తేలి ఆపరేషన్ చేశారు. ఆ సీట్లో కూర్చున్న 18 ఏళ్ళ ఆలివర్ బేర్‌మన్ ఏడో స్థానంలో వచ్చాడు. సైన్జ్ ఆ ఒక్క రేసు మానుకుని, రెండు వారాలకి ఆస్ట్రేలియాలో గెలిచాడు. 2011లో మొనాకో క్వాలిఫయింగ్‌లో పెద్ద ప్రమాదం జరిగాక సెర్జియో పెరెజ్ కెనడాలో కారెక్కాడు. శుక్రవారం మొదటి ప్రాక్టీస్ నడిపి, బాగోలేదని తనే దిగిపోయాడు. నడిపితే గానీ తెలియనిది నడిపాక ఒప్పుకోవడం కూడా ఒక పద్ధతే.

ఒప్పుకోకపోతే ఏమవుతుందో విపరీతమైన వేడిలో జరిగిన 2023 ఖతార్ రేసు చూపించింది. ఆ వారంలోనే ఫ్లూ లాంటి లక్షణాలతో నీరసించిన లోగన్ సార్జెంట్ రేసు మధ్యలో తీవ్రమైన డీహైడ్రేషన్‌తో కారు ఆపేశాడు. ఆరోగ్యంగా మొదలుపెట్టిన ఎస్టెబాన్ ఓకాన్ కూడా అదే రేసులో హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ బాగోలేనివాళ్ళకీ మధ్య ఉన్న తేడాని వేడి ఎంత త్వరగా చెరిపేస్తుందో ఆ రాత్రి తెలిసింది.

పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఫార్ములా వన్ డ్రైవర్ పక్కన ట్రైనర్ ఉంటాడు, డాక్టర్ ఉంటాడు, సీటు కోసం ఎదురుచూసే రిజర్వ్ డ్రైవర్ ఉంటాడు. ట్రాక్ డేలో హెల్మెట్ చూస్తారు, టైర్లు చూస్తారు, కారులో వదులుగా ఏమీ లేకుండా చూస్తారు. అంబులెన్స్ కూడా ఉంటుంది, ప్రమాదం జరిగాక. ఒంట్లో ఎలా ఉందన్నది మాత్రం డ్రైవర్ సంతకం పెట్టే పూచీ కాగితానికే వదిలేస్తారు. కాబట్టి ఆపవలసింది ఎవరన్న ప్రశ్నకి జవాబు చివరికి ఆ సంతకం చేసిన మనిషి దగ్గరికే వస్తుంది.

కట్టిన డబ్బు, పెట్టిన సెలవు

మంచి డాక్టరైనా, ఇంజినీరైనా ఇక్కడ తడబడేది లెక్క రాక కాదు. ఫీజు కట్టేశారు, వెనక్కి రాదు. హోటల్ బుక్ చేశారు. ఆటోనగర్‌లో కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయించారు, బ్రేక్ ఆయిల్ మార్పించారు. సోమవారం సెలవు పెట్టారు. నలుగురు స్నేహితులు కలిసి వెళ్దామనుకున్నారు. ఇవన్నీ అయిపోయిన ఖర్చులు. వెళ్ళినా తిరిగి రావు, మానినా తిరిగి రావు. అయినా మనసు వాటినే తూకంలో వేస్తుంది.

తూకంలో నిజంగా వేయవలసినవి ఇంకా జరగని ఖర్చులు. ప్రైవేటు కారు ఇన్సూరెన్స్ పాలసీలో వాడకం పరిమితుల దగ్గర ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటివి వర్తించవని మామూలుగా రాసి ఉంటుంది. ట్రాక్ మీద బంపర్, రేడియేటర్, సస్పెన్షన్ పోతే క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకూడదు. మానుకుంటే పోయేది ఫీజు. కారు గోడకి కొడితే పోయేది ఫీజుకి ఎన్నో రెట్లు, అదీ మనిషికి ఏమీ కాకపోతే. ఈ మొత్తాలు కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే సగం ఊగిసలాట అక్కడే తగ్గుతుంది.

విమానాలు నడిపేవాళ్ళకి ఈ జబ్బు బాగా తెలుసు. బయల్దేరాక వెనక్కి తిరగడం కష్టమనిపించి ముందుకే పోవడం చాలా ప్రమాదాల దర్యాప్తుల్లో కనిపించింది. అందుకే పైలట్లకి విమానం ఎక్కకముందే తమని తాము వేసుకోవలసిన ప్రశ్నలు నేర్పుతారు: ఒంట్లో బాగుందా, ఏం మందు వేసుకున్నారు, మనసు మీద ఒత్తిడి ఉందా, మద్యం తాగారా, నిద్ర చాలిందా, తిన్నారా. ఆ ప్రశ్నలకి విలువ వచ్చేది అవి ముందే రాసి పెట్టుకున్నవి కావడం వల్ల. జ్వరంలో ఉన్న బుర్రని కొత్తగా ఆలోచించమని అడగరు, ఉన్నదానికి అవును, కాదు చెప్పమంటారు.

నేషనల్ హైవే 16

ఈ చర్చల్లో ఎక్కువగా మర్చిపోయేది దారి. విజయవాడ నుంచి చిలకలూరిపేట, ఒంగోలు, కావలి, నెల్లూరు, సూళ్ళూరుపేట, తడ మీదుగా చెన్నై బైపాస్ ఎక్కి శ్రీపెరుంబుదూరు వైపు చేరడానికి సుమారు 450 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. గుంటూరు నుంచి అయితే ఓ ముప్పై, నలభై కిలోమీటర్లు తక్కువ. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి పోతారు, మలుపు బయట ఖాళీ స్థలం ఉంటుంది, జెండా పట్టుకున్న మార్షల్ ఉంటాడు. హైవే మీద రాత్రి రెండింటికి లైట్లు లేకుండా ఆగిన లారీ ఉంటుంది.

ఎక్కువమంది శనివారం ఆఫీసు ముగించుకుని రాత్రి బయల్దేరతారు. పొద్దున ఆరింటికి లేచిన మనిషి రాత్రి పదకొండు దాటేసరికి పదిహేడు గంటలు మేలుకున్నట్టు. అప్పటికి స్పందన మందగించే తీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నట్టే ఉంటుందనీ, ఇరవై నాలుగు గంటలకి అది 0.10 శాతానికి సమానమవుతుందనీ 1990ల చివర్లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. మన చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాడి లెక్క ఇది. దీనికి జ్వరం, జలుబు మాత్ర కలిపితే ఎంతవుతుందో ఎవరికి వాళ్ళు ఊహించుకోవచ్చు.

చట్టం కూడా ఇక్కడ ఒక గీత గీసింది. తన జబ్బు వల్ల డ్రైవింగ్ జనానికి ప్రమాదమని తెలిసీ ప్రజా ప్రదేశంలో బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత జరిమానా మొదటిసారి వెయ్యి రూపాయలు, ఆ తర్వాత రెండు వేలు. పెద్ద మొత్తం కాదు. దాన్ని అమలు చేయడం కూడా కష్టమే, ఎవరి జ్వరం ఎవరు కొలుస్తారు? అయినా ఆ సెక్షన్ పట్టుకునేది ట్రాక్‌ని కాదు, ఈ హైవేనే. ప్రమాదం ఎక్కువ ఎక్కడుందన్న విషయంలో చట్టం చూపు సరైన దిక్కునే ఉంది.

నిర్ణయం ఎన్నిసార్లు

వెళ్ళాలా, మానాలా అన్నది ఒక్క ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కనీసం మూడు చోట్ల వస్తుంది: ఇంటి గుమ్మంలో, ట్రాక్ గేటు దగ్గర, రెండు సెషన్ల మధ్య నీడలో. మొదటిచోట మానుకోవడం అన్నిటికన్నా తేలిక, చవక. గేటు దగ్గరికి చేరాక అక్కడిదాకా నడిపిన 450 కిలోమీటర్లు కూడా ఖర్చు ఖాతాలోకి చేరిపోతాయి. కాబట్టి మాత్ర వేసుకోకుండా థర్మామీటర్ పెట్టి చూసేది ఇంట్లోనే అయి ఉండాలి. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో మాత్ర లేకుండానే టెంపరేచర్ మామూలుగా ఉందా, తిన్నది కడుపులో నిలిచిందా, రాత్రి నిద్ర పట్టిందా అన్నవాటిలో ఏ ఒక్కదానికి "లేదు" వచ్చినా స్టీరింగ్ సంగతి తేలిపోయినట్టే. వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గితే రక్తపరీక్ష చేయించేదాకా జ్వరం తగ్గిందన్న మాటనే లెక్కలోకి తీసుకోకూడదు.

జ్వరం లేని మామూలు జలుబైతే మధ్యేమార్గాలు ఉన్నాయి. వేరే ఎవరైనా నడుపుతుంటే పక్కన కూర్చుని పగలు ప్రయాణం చేసి, రాత్రి అక్కడ పడుకోవచ్చు. మొదటి సెషన్ ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని నిదానంగా నడిపి, ఎలా ఉందని తనని కాకుండా ఆయన్ని అడగొచ్చు. బయటి కన్ను చూసేది లోపలి కన్ను చూడదు. అయితే ఆ ఇన్‌స్ట్రక్టర్ కూడా అదే కారులో అదే గాలి పీలుస్తాడు, అద్దె హెల్మెట్ అయితే తర్వాత ఇంకొకరి తల మీదకి పోతుంది. ఆ సంగతి ముందే చెప్పడం కనీస మర్యాద. సెషన్ల మధ్య ఉన్నట్టుండి బ్రేక్ పాయింట్లు దాటిపోవడం, జెండా ఆలస్యంగా కనిపించడం, ఒకే మలుపులో రెండుసార్లు పొరపడటం లాంటివి జరిగితే ల్యాప్ టైమ్ ఎలా ఉన్నా మిగతా సెషన్లు వదిలేయాల్సిందే.

నిర్వాహకులకి ఫోన్ చేసే రోజు కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్కోచోట స్లాట్‌ని ఇంకొకరి పేరు మీదకి గానీ, తర్వాతి తేదీకి గానీ మార్చే వీలుంటుంది. వెయిటింగ్‌లో ఎవరైనా ఉంటే వాళ్ళకీ ప్రయాణం ఏర్పాటు చేసుకునే టైమ్ కావాలి. గురువారం అడిగితే దొరికే అవకాశం శనివారం రాత్రి దొరకదు.

ఇక కారు మీద పెట్టిన ఖర్చు. కొత్త ప్యాడ్లు డబ్బాలో ఉన్నా, కారులో ఉన్నా పాడవవు. టైర్లు ఇంకో మూడు నెలలు ఆగగలవు. బ్రేక్ ఆయిల్ ఒక్కటే గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరితే అది మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, వరుస బ్రేకింగ్‌లో పెడల్ మెత్తబడుతుంది. తర్వాతి ట్రాక్ డే నాలుగైదు నెలల తర్వాత అయితే దాన్ని మళ్ళీ మార్చుకోవాలి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ ఒక డబ్బా, ఆటోనగర్‌లో ఒక పూట పని.